నర్సమ్మ తొలి కొలువు

ఏ ఊళ్ళో ఏ ఆస్పత్రికి వెళ్ళినా గుమ్మం పక్కన గోడకి ఒక నల్లరాతి పలక ఉంటుంది. శంకుస్థాపన చేసిన మంత్రిగారి పేరు, స్థలం ఇచ్చిన దాతగారి పేరు, ఆ దాతగారి తండ్రిగారి పేరు, చివరికి కట్టిన కంట్రాక్టరు పేరు కూడా దాని మీద చెక్కి ఉంటాయి. ఆ ఆస్పత్రి తెరిచిన మొదటి రాత్రి రోగుల పక్కన మేలుకుని కూర్చున్న నర్సు పేరు మాత్రం నేను ఇంతవరకూ ఏ రాతి మీదా చూడలేదు.

కథల్లోనూ అంతే. నవలలు రాసేదాన్ని కనుక ఈ మాట కాస్త చనువుగానే అంటున్నాను. మన కథల్లో డాక్టరుకి ప్రేమ ఉంటుంది, త్యాగం ఉంటుంది, ఇంట్లో అపార్థం చేసుకునే భార్య ఉంటుంది. నర్సు మాత్రం ట్రే పట్టుకుని వస్తుంది, "పేషెంటుకి స్పృహ వచ్చింది డాక్టర్" అంటుంది, వెళ్ళిపోతుంది. ఆమెకీ ఒక మొదటిరోజు ఉండి ఉంటుందనీ, ఆ రోజు చేతులు వణికి ఉంటాయనీ, ఆ కొలువులో చేరడానికి ఇంట్లో ఎంత యుద్ధం చేసి వచ్చిందోననీ మనకి తట్టదు. అందుకని ఈ వారం ఆ అమ్మాయి సంగతి మాట్లాడుకుందాం. పట్నంలోని పెద్దాస్పత్రిలో చేరిన అమ్మాయి కాదు, పది ఇరవై పడకల చిన్న దవాఖానలో చేరిన అమ్మాయి.

అసలు నర్సు పని అంటే చిన్నచూపు మన దేశంలోనే పుట్టిందనుకోకండి. నేను బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదువుకునేటప్పుడు డికెన్స్ మహాశయుడి "మార్టిన్ చజిల్‌విట్" నవల చేతికొచ్చింది. 1843, 44 సంవత్సరాల్లో భాగాలు భాగాలుగా వెలువడిన నవల అది. అందులో సేరీ గాంప్ అని ఒక నర్సు ఉంది. పగిలిన గొడుగు ఒకటి చంకలో పెట్టుకుని, తాగి, రోగి పక్కన కూర్చుని కునికిపాట్లు పడుతుంది. ఇంగ్లండు జనం ఆమెను చూసి పడీ పడీ నవ్వారు. నవ్వారంటే అలాంటివాళ్ళు వాళ్ళకి తెలిసినవాళ్ళే అన్నమాట!

అలాంటి రోజుల్లో కలిగినింటి పిల్ల ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సునవుతానంటే ఇంట్లో తల్లి, అక్క ఎంత గొడవ చేశారో ఊహించుకోవచ్చు. ఆమె పట్టు వదల్లేదు. 1854లో 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం టర్కీలోని స్కుటారీకి వెళ్ళింది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సులకు బడి పెట్టించింది. దీపం పట్టుకుని రాత్రిళ్ళు తిరిగిన దేవతగా ఆమెను మనం పాఠాల్లో చదువుకున్నాం. ఆమె చేసిన అసలు పని దీపం కాదు, లెక్క. ఎంతమంది చచ్చిపోయారు, గాయాలవల్ల ఎందరు, మురికివల్ల ఎందరు అని పట్టికలు వేసి దొరల ముందు పెట్టింది. మన దేశం గడప తొక్కకపోయినా ఇక్కడి సైనికుల బారకుల్లో నీళ్ళు, మురుగుకాలవలు ఎలా ఉన్నాయో కాగితాలు తెప్పించుకుని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది.

లండన్ కబుర్లు అలా ఉంచి మన నిజామాబాద్ వైపు వద్దాం.

మా అమ్మమ్మగారి ఊరు రామారెడ్డి. 2016లో కామారెడ్డి కొత్త జిల్లా అయ్యేదాకా అది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. పక్కనే ఇసన్నపల్లిలో కాలభైరవస్వామి గుడి. ఆ వైపు వాళ్ళకి రోగం వచ్చినా రొష్టు వచ్చినా ముందు స్వామికి మొక్కు, తర్వాత నాటువైద్యుడు. కాన్పుకి మంత్రసాని. ఇవేవీ కుదరకపోతే అప్పుడు దవాఖాన. మా అమ్మమ్మ అయితే దవాఖాన పేరెత్తితే చాలు, "ఆడికి పోయినోళ్ళు మల్లొస్తరా?" అనేది. ఆ మాటలో మూఢత్వం ఒక్కటే చూడకూడదు. మరీ ముదిరాక తీసుకెళ్ళేవాళ్ళు కనుక చాలామంది నిజంగానే తిరిగొచ్చేవాళ్ళు కాదు. అలాంటి ఊళ్ళలో దవాఖాన మీద నమ్మకం ఎలా కలిగింది, ఎవరు కలిగించారు అన్నది నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. ఇప్పుడు ఆ పేరు వింటే తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. పాతవాళ్ళకి మాత్రం డిచ్‌పల్లి అంటే పెద్దరోగం దవాఖాన. కుష్ఠు అనే మాట నోటితో అనడానికి కూడా భయపడి మనవాళ్ళు పెద్దరోగం అనేవారు.

ఆ ఆస్పత్రి కథ చాలామంది చెప్పుకునేదే. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ అబర్డీన్‌లో వైద్యం చదివి 1903లో పట్టా పుచ్చుకుంది. 1907లో మిషనరీ అయిన భర్త జార్జి కెర్‌తో కలిసి హైదరాబాదు సంస్థానానికి వచ్చింది. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుంటే కుష్ఠురోగులు వచ్చేవారు. వాళ్ళను చేర్చుకోవడానికి చోటు లేదు, చేర్చుకోనిచ్చే ఊరు లేదు. రాజా నరసాగౌడ్ అనే హిందూ దాత ముందుకొచ్చి డబ్బు ఇచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. 1923లో ప్రభుత్వం డాక్టరమ్మకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ ఇద్దరూ దండం పెట్టదగినవాళ్ళే. అందులో సందేహం లేదు.

కాని ఒక్కసారి ఆలోచించండి. కుష్ఠురోగానికి ఆనాడు మందు ఏముంది? అడవి బాదం జాతి గింజల నూనెను సూదితో కండలోకి ఎక్కించడం. నూనె చిక్కన, సూది లావు, నొప్పి చెప్పనలవికాదు. అది ఒక్కసారితో పోయేదీ కాదు, నెలల తరబడి వారం వారం పొడవాలి. ఇక రోగం సంగతి చూస్తే, అది స్పర్శను తినేస్తుంది. పొయ్యి మీది గిన్నె కాలినా చేతికి తెలియదు, కాలిలో ముల్లు దిగినా తెలియదు. రాత్రి నిద్రలో ఎలకలు వేళ్ళు కొరికినా లేవని రోగులు ఉండేవారు. పుండు పడేది, చీము పట్టేది, వేళ్ళు అరిగిపోయేవి. కనుక మందు ఎంత ముఖ్యమో, రోజూ ఆ కాళ్ళు నీళ్ళలో నానబెట్టి, కడిగి, కొత్త గాయం ఎక్కడైనా ఉందా అని వేలివేలికీ వెతికి, కట్టు కట్టే చెయ్యి అంత ముఖ్యం. డాక్టరు వారానికొకసారి చూడొచ్చు. ఆ చెయ్యి మాత్రం ప్రతి పొద్దున్నా రావాలి.

ఆ చెయ్యి ఎవరిది? ఇక్కడే మన చరిత్రలోని చిత్రం ఉంది.

ఆ రోజుల్లో పరువుగల ఇళ్ళ ఆడపిల్ల పరాయి మగవాడి ఒళ్ళు ముట్టుకోవడమా? మలమూత్రాలు ఎత్తడమా? రాత్రిళ్ళు ఇల్లు వదిలి ఉండడమా? శివశివా! అందుకని తెలుగునాట మిషను ఆస్పత్రుల్లో నర్సు పనికి తొలి రోజుల్లో వచ్చినవాళ్ళు చాలావరకు కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న ఇళ్ళ ఆడపిల్లలు. మెదక్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఆ ఇళ్ళు ఎక్కువగా మాలవాడల్లోవి, మాదిగవాడల్లోవి. ఊరి బావిలో చేద వెయ్యడానికి వీల్లేనివాళ్ళు వాళ్ళు. వాళ్ళ నీడ పడితే నీళ్ళు చల్లుకునేవారు మన పెద్దలు. అదే పెద్దమనిషికి జ్వరం ముదిరి దవాఖాన మంచం ఎక్కితే, నాలుక పిడచకట్టుకుపోతే, ఆ పిల్ల చెంచాతో నోట్లో నీళ్ళు పోసింది. ఆయన తాగాడు. తాగక ఏం చేస్తాడు? ఇంటికెళ్ళాక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, అంతే.

మన ఊళ్ళలో అంటరానితనం మీద ఎన్నో సభలు జరిగాయి, చట్టాలు వచ్చాయి. అవన్నీ కావలసినవే. కాని ఏ సభా లేకుండా, ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలు థర్మామీటరూ గుడ్డముక్కా పట్టుకుని ఆ పని కొంత చేసి పెట్టారు. ఊరు దవాఖానను నమ్మడం నేర్చుకున్నది డాక్టరుగారి పట్టా చూసి కాదు. ఆ ముక్క చదవడం ఎవరికి వచ్చు గనక? రాత్రి పూట నొప్పికి మూలిగితే లేచి వచ్చిన మనిషిని చూసి నమ్మింది.

అలా వచ్చినవాళ్ళు మాత్రం ఎందరని? 1908లో దేశంలోని శిక్షణ పొందిన నర్సులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. 1909లో వెల్లూరులో ఐడా స్కడ్డర్ డాక్టరమ్మ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. ఇన్ని జరిగినా, స్వాతంత్ర్యానికి ఏడాది ముందు, 1946లో భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చేనాటికి బ్రిటిషు ఇండియా మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులే తేలారు. 6,300 మందికి ఒక డాక్టరు ఉంటే, 43,000 మందికి ఒక నర్సు! చాలా దేశాల్లో డాక్టర్ల కంటే నర్సులు ఎక్కువ ఉంటారు. మన దగ్గర తలకిందులు. పరువు అనే మాట ఎంత ఖరీదైనదో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

పరువుకి తోడు చదువు ఒకటి అడ్డం. నర్సు శిక్షణకు స్కూలు చదువు పూర్తి కావాలి, పాఠాలు ఇంగ్లీషులో. మన పల్లెల్లో ఆడపిల్ల అయిదో తరగతి దాటితే గొప్ప. ఈ ముడి విప్పడానికి పాటుపడినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఒకరు. చిన్నతనంలో చదువు ఆగిపోయిన స్త్రీలను, భర్త పోయినవాళ్ళను, వదిలేసినవాళ్ళను కూర్చోబెట్టి తక్కువ కాలంలో మెట్రిక్ పరీక్షకు తయారు చెయ్యడం మద్రాసులో ఆంధ్ర మహిళా సభలో ఆవిడ చేసి చూపించారు. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలయ్యాక 1958లో అదే పద్ధతిని దేశమంతటికీ తెచ్చారు. ఆ తలుపులోంచి వచ్చిన ఆడవాళ్ళు టీచర్లయ్యారు, గ్రామసేవికలయ్యారు, నర్సులయ్యారు. అయినా మన ఆస్పత్రులకు కావలసినంతమంది దొరకలేదు. కేరళ అమ్మాయిలు వచ్చి నింపారు. నా వయసు వాళ్ళలో చాలామందికి మొదటి టీకా వేసిన సిస్టరు తెలుగు వచ్చీరాక "ఏమీ లేదు, ఏమీ లేదు" అంటూ సూది గుచ్చేసి ఉంటుంది.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

మా పెద్దనాన్న కూతురు నాకంటే ఏడేళ్ళు పెద్ద. 1996లో నర్సు ట్రైనింగు ముగించుకుని మా జిల్లాలోనే ఒక చిన్న దవాఖానలో చేరింది. ఇరవై పడకలు, ఇద్దరు డాక్టర్లు, నలుగురు నర్సులు, ఒక ఆయమ్మ, ఒక వాచ్‌మన్. చేరతానన్నరోజు పెద్దనాన్న అన్న మాటలు నాకింకా గుర్తే. "రాత్రి డ్యూటీలు చేసే పిల్లను ఎవడు చేసుకుంటడే?" అన్నాడు. అక్క తలొంచుకుని, "చేసుకోకుంటే మానె నాయినా. నా బువ్వ నేను తింట" అంది. ఆ తర్వాత నెలల తరబడి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు.

చిన్న దవాఖానలో నర్సుకి ఒక వార్డు అంటూ ఉండదు. పెద్దాస్పత్రిలో చేరిన అక్క స్నేహితురాళ్ళు ఒకరు ఆపరేషను గదిలో, ఒకరు పిల్లల వార్డులో ఉంటూ ఆ ఒక్క పనీ నేర్చుకున్నారు. మా అక్క పొద్దున్న కాన్పు చూసేది, మధ్యాహ్నం విరిగిన చేతికి కట్టు వేయించేది, సాయంత్రం పురుగుల మందు తాగిన మనిషికి గొట్టం వేసి కడుపు కడిగేది. ఖాళీ దొరికితే గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టడం, దూది ఉండలు చుట్టడం, గాజు సిరంజీలు నీళ్ళలో మరిగించడం. డ్యూటీ దిగేముందు రిపోర్టు పుస్తకంలో పడక పడకకీ ఏం జరిగిందో రాయడం. "ఏం నేర్చుకున్నావక్కా?" అని అడిగితే, "మందులు ట్రైనింగులనే నేర్చుకున్న. ఇక్కడ చూసుడు నేర్చుకున్న" అంది.

ఆ చూడడం ఏమిటో ఒక వానాకాలపు రాత్రి తెలిసింది. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి నాన్నమ్మ, మేనమామ సైకిలు మీద కూర్చోబెట్టుకుని వచ్చారు. కడుపునొప్పి. "మక్క కంకులు దండిగ తిన్నడు సిస్టరమ్మా, ఒక సూది ఇయ్యి, పోతం" అన్నాడు మేనమామ. డాక్టరుగారు ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన ఇల్లు ఊరికి అటు చివర. నొప్పికి సూది ఇచ్చి పంపిస్తే ఎవరూ తప్పుపట్టరు. అక్క పిల్లవాడి మొహంలోకి చూసింది. నిద్రమత్తు అనుకోవచ్చు గాని, రెప్పలు సగం వాలి ఉన్నాయి. "పైకి చూడు బిడ్డా" అంటే కళ్ళు పైకెత్తాడు గాని రెప్పలు లేవలేదు. ఎక్కడ పడుకున్నాడని అడిగింది. కింద, చాప మీద. గాటు ఎక్కడా కనపడలేదు.

కట్లపాము కరిస్తే గాటు కనపడకపోవచ్చు, వాపూ ఉండకపోవచ్చు. నేల మీద నిద్రపోయేవాళ్ళను రాత్రి పూట కరుస్తుంది. ముందు కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, ఆ తర్వాత మింగుడు పడకపోవడం, ఆ పైన ఊపిరి ఆగడం. ఇదంతా అక్క పుస్తకంలో ఒక పేరాగా చదువుకుంది. ఇప్పుడు ఆ పేరా మంచం మీద పడుకుని ఆమె కేసి చూస్తోంది. చేరి ఏడు నెలలైంది. వయసు ఇరవై మూడు. పొరబాటైతే "కొత్త పిల్ల, బెదిరిపోయింది" అంటారు. వాచ్‌మన్‌ను డాక్టరుగారి ఇంటికి పరుగెత్తించింది. మేనమామ ఒప్పుకోలేదు, "కడుపునొప్పికి గింత లొల్లా?" అని కేకలేశాడు. నాన్నమ్మే అడ్డుపడి, "ఆ పిల్ల కండ్లల్ల భయముందిరా. మందికోసం భయపడుతున్నది. ఆగు" అంది.

డాక్టరుగారు వచ్చారు, అవునన్నారు. విషం విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టి, జీపు మాట్లాడి నిజామాబాద్ పంపించారు. 108 బళ్ళు అప్పటికి లేవు, అవి వచ్చింది 2005లో. దారిలో పిల్లవాడి ఊపిరి బలహీనపడితే గాలితిత్తి మూతికి పెట్టి నొక్కుతూ కూర్చుంది అక్క. తెల్లవారేసరికి ఆమె చేతివేళ్ళు ముడుచుకోలేకపోయాయట. పిల్లవాడు బతికాడు.

వారం తర్వాత మేనమామ వచ్చి డాక్టరుగారికి బస్తా బియ్యం ఇచ్చి, శాలువా కప్పి వెళ్ళాడు. న్యాయమే. నాన్నమ్మ మాత్రం వరండాలోకి వెళ్ళి, కొంగులోంచి రెండు కాల్చిన మక్క కంకులు తీసి అక్క చేతిలో పెట్టింది. "నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది. అప్పటిదాకా అందరూ సిస్టరమ్మ, నర్సమ్మ అనడమే. పేరు అడిగిన మొదటి మనిషి ఆవిడే అని అక్క ఇప్పటికీ చెబుతుంది. పెద్దనాన్నతో మాటలు కూడా ఆ తర్వాతే కలిశాయి. ఎవరో బస్సులో ఆయనతో, "ఆ నర్సమ్మ నీ బిడ్డేనా?" అన్నారట. ఆ రాత్రి ఆయన వచ్చి, "అన్నం తిన్నవా?" అన్నాడు. మా పెద్దనాన్నకి క్షమాపణ చెప్పడం అంతకంటే రాదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు రోజులు మారాయి అంటారేమో. కొంత మారాయి. పెళ్ళిచూపుల్లో నర్సు ఉద్యోగం అంటే మొహం తిప్పుకున్న వాళ్ళే ఇప్పుడు "విదేశాల్లో అవకాశాలుంటాయిగా" అంటున్నారు. మా వైపు మగవాళ్ళు గల్ఫుకు పోవడం పాత కథ. ఇప్పుడు నర్సు చదివిన ఆడపిల్లలు జర్మన్ భాష నేర్చుకుని అటు వెళ్తున్నారు. నైటింగేల్ పుట్టి రెండువందల ఏళ్ళయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల సంవత్సరంగా ముందే ప్రకటించింది. ఆ ఏడే కరోనా వచ్చింది. చప్పట్లు కొట్టాం, పళ్ళాలు మోగించాం. కొన్నిచోట్ల అదే నర్సులను అద్దె ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నాం. ఆనాటి అంటు పేరు మార్చుకుని వచ్చిందన్నమాట.

జీతం సంగతి మరీ విచిత్రం. సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ 2016లో ఒక మాట అంది. యాభై పడకలకు తక్కువున్న ప్రైవేటు ఆస్పత్రిలో అయినా నర్సుకి నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని. చిన్న దవాఖానల్లో చేరే మన అమ్మాయిల్లో చాలామంది చేతికి ఇప్పటికీ అంత రావడం లేదు. "అనుభవం వస్తుంది కదమ్మా, ముందు నేర్చుకో" అంటారు. నేర్చుకుంటుంది సరే, నేర్చుకుంటూ ఆమె కాపాడిన ప్రాణాలకి ఖరీదు ఎవరి ఖాతాలో వేస్తారు? చిన్న దవాఖాన మంచి బడి అన్నది నిజమే. బడి అన్న పేరు చెప్పి పంతులమ్మ పనీ, ఆయమ్మ పనీ సగం జీతానికి చేయించుకోవడం న్యాయం కాదు. అలా చేసినన్నాళ్ళూ తెలివైన పిల్లలు ఏడాది తిరక్కుండా పట్నానికో, పై దేశానికో వెళ్ళిపోతూనే ఉంటారు. రామారెడ్డి లాంటి ఊళ్ళో రాత్రి పూట రెప్పలు వాలిన పిల్లవాడిని చూసి గుర్తుపట్టే మనిషి అప్పుడు ఉండదు.

మీ ఇంట్లో అమ్మాయి ఈ కొలువులో చేరతానంటే పెద్దనాన్నలా మాటలు మానేయకండి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజు వేడిగా ఇంత అన్నం పెట్టి నిద్రపోనివ్వండి. ఈసారి మీరెవరైనా దవాఖానకి వెళ్ళాల్సివస్తే, వెళ్ళకూడదనే కోరుకుంటాను గాని, తప్పక వెళ్తే, థర్మామీటరు పట్టుకుని వచ్చిన పిల్లను "సిస్టర్, సిస్టర్" అని కేకేసే ముందు పేరేమిటమ్మా అని అడగండి. ఆ నాన్నమ్మ అడిగినట్టే.